అజీజ్ డాక్టరు రాయని చీటీ

గద్వాలలో అజీజ్ డాక్టరు చేత గోళీలు రాయించుకోవడం సులువు, చీటీ రాయించుకోవడం కష్టం. చీటీ అంటే పట్నంలో పెద్ద దవాఖానకో, కర్నూలులో పెద్ద డాక్టరుకో పంపే ఉత్తరం. జ్వరమొచ్చినా, కామెర్లొచ్చినా, నడుం పట్టినా ఆయన ఒకటే మాట అంటాడు: "రెండు దినాలు ఆగుదాం, ఈడనే చూద్దాం." నిజం చెప్పాలంటే చాలామందికి ఆ రెండు రోజుల్లోనే నయమయ్యేది. అందుకని ఊరివాళ్ళు ఆయన్ని తిట్టుకుంటూనే ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు.

జములమ్మ చీటీ కోసం రావడం అది మూడోసారి. రెండువేల ఎనిమిది, నవంబరు నెల. రద్దీ ఉండదని తొమ్మిదింటికే వచ్చి గోడకు వీపు ఆనించి నిలబడింది. ప్లాస్టిక్ కుర్చీల్లో ఆమె కూర్చోదు. కిందటేడు ఎవరి పెళ్ళిలోనో కూర్చుంటే కుర్చీ కాళ్ళు నాలుగూ నాలుగు దిక్కులకు పోయాయి. పడ్డ నొప్పి మూడు రోజుల్లో పోయింది గాని, నవ్విన మొహాలు మాత్రం ఇంకా పోలేదు.

"రా జములమ్మా, రా. మోకాళ్ళేనా?" అన్నాడు డాక్టరు లోపలి నుంచి. అరవై రెండేళ్ళ మనిషి. జేబులో మూడు పెన్నులుంటాయి, వాటిలో ఒకటే రాస్తుంది.

"మోకాళ్ళు కాదు సారూ. చీటీ."

"గోళీలు మార్చి ఇస్త."

"గోళీలు మీరే ఉంచుకోండ్రి. నాకు చీటీ కావాలె."

డాక్టరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "కడుపంటే ఏమనుకున్నవే? జాకిటా, లూజుగుంటె కుట్టేసుకొని చిన్నగ చేసేతందుకు?"

"మీరు కుట్టేది లేదు కద. కుట్టెటోళ్ళు పట్నంల ఉన్నరు. మీరు నాలుగు వరుసలు రాస్తె నేను పోత."

ఒళ్ళు తగ్గడానికి కడుపు చిన్నది చేసే ఈ ఆపరేషన్ సంగతి జములమ్మకు చెప్పింది శ్రీవాణి. హైదరాబాదులో చీరల దుకాణం ఆమెది. ఏడాదికి రెండుసార్లు గద్వాల వచ్చి జములమ్మ ఇంట్లో నేసిన చీరలు పట్టుకుపోతుంది. కిందటి దసరాకు వచ్చినప్పుడు ఆటోలో వెనక సీటంతా ఆమెదే. ఈ దసరాకు అదే ఆటోలో ముగ్గురి మధ్య కూర్చొని దిగింది. జములమ్మ నోరు తెరుచుకొని చూస్తే, శ్రీవాణి ఆమెను లోపలికి తీసుకుపోయి పొట్ట మీది గాట్లు చూపించింది. పోపుగింజంత, చిక్కుడుగింజంత గాట్లు ఐదు. తనకు కోసిన పెద్ద డాక్టరు ఏడాదికి కొందరు లేనివాళ్ళకు ఖర్చు లేకుండా చేస్తాడని, డిసెంబరు నెలాఖరులోగా పేరు ఇవ్వాలని చెప్పింది. దానికి రెండు షరతులు. ఊళ్ళో చూసే డాక్టరు, ఈ మనిషి అన్ని తీర్లా ప్రయత్నం చేసినా తగ్గలేదని తన చేత్తో రాసివ్వాలి. ఎత్తుకూ బరువుకూ వేసే లెక్క ఒకటి ఉంది, అది నలభై దాటాలి.

జములమ్మకు అందంగా అవ్వాలని లేదు. ముప్పై తొమ్మిదేళ్ళు వచ్చాయి, ఆ పంచాయితీ ఎప్పుడో అయిపోయింది. ఆమెకు కావలసింది కూర్చోవడం. కూర్చోవలసింది కుర్చీలోనూ కాదు. గుంట మగ్గంలో.

వాళ్ళది కుప్పడం నేత. చీర నడుమంతా నూలు, అంచులు పట్టు. నూలు పోగుకూ పట్టు పోగుకూ ప్రతి వరుసలోనూ ముడి పడాలి. అందుకే మగ్గం మీద ఇద్దరు కూర్చుంటారు. ఈ అంచు ఒకరిది, ఆ అంచు ఒకరిది. గుంటలో కాళ్ళు పెట్టి, అంచున పీట మీద పక్కపక్కనే కూర్చొని, ఒళ్ళోకి ఆనుకున్నట్టుండే దోనె కర్రకు నేసిన చీరను చుట్టుకుంటూ పోవాలి. పెళ్ళయిన నెల నుంచి పదిహేడేళ్ళు జములమ్మ తన మొగుడు మాసయ్యకు కుడిపక్కన అట్లా కూర్చుంది. వాళ్ళు కొట్లాడుకున్నదీ, అలకలు తీర్చుకున్నదీ, పిల్లకు పేరు పెట్టుకున్నదీ ఆ పీట మీదే.

రెండో కాన్పు పోయిన తర్వాత ఒళ్ళు రావడం మొదలై, ఆగలేదు. దోనెకూ ఆమె పొట్టకూ నడుమ సందు ముందు నాలుగు వేళ్ళు, తర్వాత రెండు వేళ్ళు, ఆఖరికి ఏమీ లేకుండా పోయింది. మాసయ్య రెండుసార్లు గుంట వెడల్పు చేశాడు. పీట వెనక్కి జరిపితే పోగును అటూ ఇటూ తిప్పే నాడెకు ఆమె చెయ్యి అందలేదు. ఒకరోజు గుంటలో దిగి పైకి రాలేక, నలుగురు వచ్చి లేపవలసి వచ్చింది. ఆ మరుసటి రోజు పొద్దున జములమ్మ లేచేసరికి, పదో తరగతి ఫస్టుక్లాసులో పాసైన కూతురు సౌందర్య తల్లి పీట మీద కూర్చొని కండెలు సరిచేసుకుంటోంది. "కాలేజీ ఒక్క ఏడాది ఆగితె ఏం కాదమ్మా" అంది తల ఎత్తకుండా. మగ్గం ఆగితే ఇల్లు ఆగుతుంది.

అది జూన్ నెల మాట. వచ్చే జూన్‌కు మళ్ళీ కాలేజీలు తెరుస్తారు. ఒక ఏడాది ఆగిన పిల్ల వెళ్తుంది. రెండేళ్ళు ఆగిన పిల్ల ఇంక వెళ్ళదని జములమ్మకు తెలుసు. ఆ వాడకట్టులో ఆమె కళ్ళముందే ఏడుగురు ఆగారు.

"తిండి తగ్గించినవా?" అన్నాడు డాక్టరు, అడగాలి కాబట్టి.

"చాయ్ కప్పుతోని కొలిచి తింటున్న సారూ. పొద్దున ఒక జొన్నరొట్టె, మధ్యాన్నం ఒక కప్పు బువ్వ, మాపటికి ఒక రొట్టె. మీరు చెప్పి రెండేండ్లాయె. మీకు నమ్మిక లేకుంటె మా ఇంట్ల ఒకనాడు ఉండి చూడుండ్రి."

"నడక?"

"రోజు తెల్లారి జములమ్మ తల్లి గుడిదాంక పోయొస్తున్న. ఆ తల్లి పేరు నాకు పెట్టిండ్రు గాని, ఆమె గూడ నన్ను చూసి ఇసిగిపోయుంటది. థైరాయిడ్ లేదని మీరే చెప్పిండ్రు. షుగర్ లేదు, బీపీ లేదు. ఇంగేం లేదో చెప్పుండ్రి, తెచ్చుకుంట."

డాక్టరుకు నవ్వొచ్చింది. నవ్వితే మెత్తబడ్డట్టవుతుందని దగ్గాడు. "సరే. ముందుగాల బరువు చూడాలె. లెక్క నలభై లేకుంటె నేను రాసినా వాళ్ళు తీసుకోరు."

మూలనున్న బరువు మిషన్ మీద జములమ్మ నిలబడింది. దాని ముల్లు వంద దాకా జోరుగా పోయి, అక్కడ ఒక చీల తగిలి ఆగిపోయింది. డాక్టరు వంగి చూశాడు. మిషన్ కంపెనీవాడు వందకు మించిన మనిషి ఉంటాడని అనుకోలేదు.

"వేరే కాంటా కావాలె" అన్నాడు.

గద్వాలలో వంద కిలోల పైన తూచే కాంటాలు మార్కెట్ యార్డులో ఉంటాయి. పల్లికాయ బస్తాలు తూచేవి. జములమ్మ ఒక్క నిమిషం ఆలోచించింది. తర్వాత కొంగు నడుముకు చుట్టి, "పోదాం పాండ్రి" అంది. డాక్టరు స్కూటర్ మీద ముందు, మాసయ్యను పిలిపించుకొని ఆమె ఆటోలో వెనక.

యార్డులో కాంటా వేసేది కురుమయ్య. జములమ్మకు వరసకు తమ్ముడు కాడు గాని, గద్వాలలో సగం మందికి అతను తమ్ముడే. సంగతి విని గోనెసంచులు పక్కకు నెట్టించాడు. "సిగ్గుపడకక్కా. ఈ కాంటా మీద ఎమ్మెల్యే బామ్మర్ది గూడ ఎక్కిండు, తాగి." చెప్పులు విడిచి ఆమె పలక మీద నిలబడింది. హమాలీలు చేస్తున్న పని ఆపారు. కురుమయ్య రాళ్ళు తగిలించి, కర్ర సమం చేసి, గొంతెత్తి అరిచాడు:

"లాభం!"

పొద్దుటి మొదటి తూకానికి ఒకటి అనరు, లాభం అంటారు. అలవాటున వచ్చిన మాట. యార్డంతా గొల్లుమంది. మాసయ్య కూడా నవ్వి, భార్య చూపు తగిలి నోరు మూసుకున్నాడు. జములమ్మ కాంటా దిగకుండానే, "నవ్వుండ్రిరా, నవ్వుండ్రి. మీ అందరికంటె ధర నాకే ఎక్కువొస్తది" అంది. దాంతో ఆ నవ్వు ఆమెదైపోయింది.

కురుమయ్య తూకం పట్టీ రాసి ఇచ్చాడు. నూట ఐదున్నర. అజీజ్ డాక్టరు దాన్ని చూశాడు. ఒకసారి కురుమయ్యను, ఒకసారి కాంటాను చూశాడు. పట్టీని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

దవాఖానకు వచ్చి కాగితం మీద లెక్క వేశాడు. "నీ ఎత్తుకు నలభై రావాల్నంటె నూట ఆరు దాటి జర ఉండాలె. నువ్వు నూట ఐదున్నరే. ముప్పావు కిలో తక్కువ." గొంతులో బాధ ఉంది గాని, దాని అడుగున ఒక నిమ్మళం కూడా ఉంది. జములమ్మ ఆ రెండోదాన్ని పట్టుకోలేదు. "నీకు ఆపరేషన్ అక్కర్లేదని దేవుడే చెప్పిండనుకో."

"దేవుడు చెప్పలే, కురుమయ్య చెప్పిండు" అంటూ ఆమె లేచింది. గుమ్మం దాకా గట్టిగానే నడిచింది. ఆటోలో మాత్రం దారిపొడుగునా బయటికే చూస్తూ కూర్చుంది. మాసయ్య ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

ఇంటికొచ్చాక మాసయ్యకు ఒక ఆలోచన తట్టింది. మాసయ్య ఆలోచనలన్నీ సాయంత్రం కల్లు ముందర వస్తాయి, ఇది మాత్రం చాయ్ ముందర వచ్చింది.

"ముప్పావు కిలోనే కద తక్కువ? నాలుగు దినాలు కడుపునిండ తిను."

"ఏందీ?"

"తినే! ముప్పావు కిలో ఎంత సేపు? తిని, మల్ల కాంటా ఎక్కు."

జములమ్మ అతని మొహం చూసి నవ్వాలో ఏడవాలో తేల్చుకోలేకపోయింది. "సన్నగయ్యేతందుకు లావుగ గావాల్నా?"

"లోకం గట్లనే ఉన్నది. నేనేం జేయను?"

మరునాడు మాసయ్య అరకిలో మటన్ తెచ్చాడు. సౌందర్య మగ్గం దిగి సజ్జరొట్టెలు చేసింది. సంగతి ఎట్లా తెలిసిందో, పక్కింటి తాజ్‌బీ నెయ్యి కారే ఖీర్ గిన్నెతో వచ్చి, "తిను జములా, నీ పుణ్యమాని ఒక్కసారన్న తినమని చెప్పే రోగం జూసినం" అంది. విస్తరి ముందు అందరూ కూర్చొని ఆమె చేతికేసి చూశారు. రెండేళ్ళుగా అందరూ ఆమె చేతికేసే చూశారు, ఎంత తింటుందోనని. ఇప్పుడూ అదే చూపు, తినడం లేదేమని.

రెండు ముద్దలు తిని జములమ్మ చెయ్యి ఆపింది. మటన్ రుచిగా ఉంది. అదే ఆమెను ఏడిపించింది. "ఇన్ని దినాలు నేను దొంగతనంగ తింటున్ననని మీరందరు అనుకున్నరు కద" అంది.

మాసయ్య ఖీర్ గిన్నెను అనవసరంగా కొంచెం పక్కకు జరిపాడు. తర్వాత సౌందర్య తల్లి పక్కకు జరిగి, "నేను అనుకోలేదమ్మా. నేను మగ్గం మీద కూసుంటె నీ కంచం నాకు కనపడ్తది. రోజు జూస్త" అంది. ఇంకో రొట్టె తుంచి తల్లి నోట్లో పెట్టింది.

నాలుగు రోజులు తిన్నది. ఐదోరోజు పొద్దున, మాసయ్యకు చెప్పకుండా, ఒక్కతే యార్డుకు వెళ్ళింది.

ఆ రోజు పల్లికాయ జోరుగా వచ్చింది. కాంటా ముందు బండ్లు వరసగా నిలబడ్డాయి. కురుమయ్య "జర ఆగక్కా" అంటే ఒక బస్తాల కుప్పకు ఆనుకొని నిలబడి చూస్తోంది. నేతపని చేసిన కళ్ళు ఊరికే ఉండవు. ఒక వరసలో ఒక పోగు తప్పినా పట్టేస్తాయి. కర్ర సమానమైన చోట ఒక అంకె, కురుమయ్య నోటి నుంచి వచ్చేది ఒక అంకె. బస్తాబస్తాకూ అంతే. ఇంతలో అలంపూర్ వైపు రైతు ఒకడు గొంతు లేపాడు.

"ఏందయ్యా, కాంటా మీద నలభై రెండు ఉంటె నలభై రాస్తున్నవు?"

"తరుగు. బస్తాకు రెండు కిలోలు. గోనెసంచికి ఒకటి, మట్టికి ఒకటి. ఇయ్యాల కొత్తనా?"

జములమ్మ బస్తాలకు ఆనుకున్న వీపు ఎత్తింది. నెమ్మదిగా కాంటా దగ్గరికి నడిచింది.

"తమ్మీ, నాకు గూడ తీసినవా?"

కురుమయ్య రాళ్ళ మీద చెయ్యి పెట్టి ఆలోచించాడు. మొహం నల్లబడింది. "అక్కా… తీసినట్టున్న. ఇరవై ఏండ్ల అలవాటు. చెయ్యి దానంతట అదే తీసి రాస్తది."

"నాకు గోనెసంచి యాడుందిరా?"

"లేదక్కా."

"మట్టి?"

"తప్పయిందక్కా. కర్ర నూట ఏడున్నర కాడ నిలబడ్డది, నాకిప్పటికీ యాదున్నది. అయినా డాక్టర్ సారు ముంగట్నే ఉండె. కర్ర దిక్కే చూస్తుండె. ఆయన ఏమనలే కద అని నేను గూడ…"

జములమ్మ మళ్ళీ కాంటా ఎక్కలేదు. ఆటో కోసం కూడా చూడలేదు. యార్డు నుంచి దవాఖాన దాకా ఎండలో నడిచింది.

అజీజ్ డాక్టరు తండ్రి జహంగీర్. ఆయన్ని గద్వాలలో మరిచిపోయినవాళ్ళు తక్కువ. ముప్పై ఏళ్ళు ఆ యార్డులోనే కాంటా వేశాడు. ఆయన కొడుకు బడికి సెలవు వస్తే కాంటా పక్కనే కూర్చొని పట్టీలు రాసేవాడు. తరుగు అంటే ఏమిటో ఆ కొడుక్కి తెలియకపోవడం అనేది ఉండదు.

దవాఖానలో నలుగురు కూర్చొని ఉన్నారు. జములమ్మ వాళ్ళను దాటుకొని లోపలికి వెళ్ళి తలుపు దగ్గరికి వేసింది.

"మీకు తెలుసు" అంది.

డాక్టరు ఆమె చెమటను, రొప్పును చూసి గ్లాసులో నీళ్ళు పోశాడు. ఏం తెలుసని అడగలేదు. "కూసో" అన్నాడు. కూర్చోదని గుర్తొచ్చి, పరీక్ష చేసే బల్ల చూపించాడు. అది ఇనుపది. ఆమె దాని మీద కూర్చుంది.

"తెలుసు" అన్నాడు. "కాంటా ఎన్నడు తప్పు చెప్పదు. రాసెటోళ్ళమే. ఆ పట్టీ జూడంగనే తెలిసింది. నోరు తెరుద్దామనుకున్న. తెరవలే."

"ఎందుకు సారూ? నేను మీకేం జేసిన?"

ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. బయట ఎవరో దగ్గారు.

"సుగుణమ్మకు చీటీ రాసింది నేనే" అన్నాడు చివరికి. సుగుణమ్మ జములమ్మ తల్లి. "పద్నాలుగేండ్లాయె. గర్భసంచి ఆపరేషన్. చిన్నదే, మూడు దినాలల్ల వస్తవు, వచ్చి నాకు జొన్నరొట్టె పెట్టాలె అని చెప్పి పంపిన. మత్తు ఇచ్చినంక లేవనేలేదు. ఆడ డాక్టర్లది తప్పు లేదు. గట్ల ఎన్నడన్న ఒకరికి అయితది. కని ఆ ఒకర్ని పంపింది ఈ చెయ్యి కద. అప్పటిసంది ఎవరికి చీటీ రాద్దామన్న ఆమె కనపడ్తది. ఇప్పుడు ఆమె బిడ్డవు నువ్వు వచ్చి అడుగుతున్నవు. రెండు కిలోలు దేవుడే తీసిండనుకున్న."

జములమ్మ నీళ్ళు తాగింది. కోపం ఉంది గాని, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

"మేం మిమ్మల్ని ఒక్కమాటన్న అన్నమా?"

"అననే లేదు. అని ఉంటె బాగుండు. మీ నాయిన నా కాలర్ పట్టుకొని ఉంటె, ఆ దినమే అయిపోతుండె."

"సారూ, మా అమ్మకు రెండేండ్లు ఊకె రక్తం పోతుండె. ఎవరికి చెప్పుకోలె. మీరు చీటీ రాసిననాడు ఇంటికొచ్చి, ఇగ నేను అందరి లెక్క కూసుంట, బట్టకు భయం లేకుంట కూసుంట అని నవ్వింది. బస్సుల కిటికీలకెల్లి చెయ్యూపింది. ఆమె భయపడుకుంట పోలె. ఆశతోని పోయింది. అది మీరు ఇచ్చిందే." కొంగుతో మొహం తుడుచుకుంది. "మీరు నన్ను బతికించాల్నని జూస్తుండ్రు. మంచిదే. నేను ఊకె బతికుంటె సాలదు సారూ. నా పీట మీద నా బిడ్డ కూసున్నది. నేను కూసుంటెనే అది లేస్తది."

డాక్టరు కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు.

"ముప్పున్నది. తక్కువే, కని ఉన్నది. లేదని చెప్పి పంపను ఈసారి" అన్నాడు.

"చెప్పుండ్రి. అన్ని చెప్పుండ్రి. ఇంటరేమో నా బిడ్డ చదువుతది గాని, చెప్తె నాకు గూడ సమజ్ అయితది."

ఆయన చెప్పాడు. మత్తు గురించి, రక్తం గడ్డకట్టడం గురించి, కుట్లు వదిలే ప్రమాదం గురించి. ఆ తర్వాత బతుకంతా పిడికెడు పిడికెడే తినాలని, గోళీలు మానకూడదని, రోజూ నడవాలని, బరువు నెలనెలా దిగుతుందేగాని ఒక్కరోజులో దిగదని. ఆమె మధ్యలో రెండుసార్లు ఆపి అడిగింది. భయపడిన చోట భయపడింది. అంతా అయ్యాక, "చాయ్ కప్పుతోని రెండేండ్లు తిన్న. పిడికెడు నాకు కొత్త కాదు" అంది.

"ఇంకోమాట. ఈసారి నేను గూడ వస్త. నిన్ను లోపలికి తీస్కపోయేటప్పుడు బయట నేనుంట."

"దవాఖాన ఎవరు జూస్తరు?"

"రెండు దినాలు ఆగుతరు. వాళ్ళకు అలవాటే."

జములమ్మ చాన్నాళ్ళ తర్వాత పొట్ట కదిలేట్టు నవ్వింది. డాక్టరు లెటర్‌ప్యాడ్ తీశాడు. మొదటి పెన్ను రాయలేదు, రెండోదీ రాయలేదు.

"బరువెంతని రాయాలె? మల్ల ఎక్కినవా కాంటా?"

"ఎక్కలే. నాలుగు దినాల సంది మా ఆయన మటన్ తినిపిచ్చిండు, అది లెక్కల పట్టకుండ్రి. ఆనాటి తూకమే రాయుండ్రి. నూట ఏడున్నర."

ఆయన ఇంగ్లీషులో ఒక పేజీ నిండా రాశాడు. చదివి, ఒకచోట ఏదో చేర్చి, సంతకం పెట్టాడు. ఆమె చెయ్యి చాపింది గాని వెంటనే తీసుకోలేదు.

"ఏం రాసిండ్రో చదువుండ్రి. మన మాటల్ల."

డాక్టరు గొంతు సవరించుకున్నాడు. కాగితం కొంచెం దూరం పెట్టి, ఒక్కో వరుసనూ తెలుగులోకి తిప్పుకుంటూ చదివాడు.

"పేరు జములమ్మ. వయసు ముప్పై తొమ్మిది. బరువు నూట ఏడున్నర కిలోలు. గృహిణి. నేను ఈమెను చిన్నప్పటిసంది చూస్తున్న. రెండేండ్ల సంది ఈమె నా దగ్గర బరువుకు వైద్యం తీసుకుంటున్నది. నేను చెప్పిన తిండి కొలిచి తిన్నది, చెప్పినంత నడిచింది, ఒక్కనాడు తప్పలేదు. బరువు తగ్గలేదు. ఇది ఆమె తప్పు కాదు. ఆమె ప్రయత్నంల లోపం లేదు, నా దగ్గర ఉన్న వైద్యంలనే లోపం ఉన్నది. ఇంతకు ముందే పంపాల్సింది. నేను ఆలస్యం చేసిన. దయచేసి ఈమెను చూడగలరు."

జములమ్మ తల వంచుకొని ఉంది. ఆ మాట కోసమే రెండేళ్ళుగా ఎదురుచూస్తున్నట్టు అప్పటిదాకా ఆమెకూ తెలియదు. ఇది ఆమె తప్పు కాదు. ఇంగ్లీషులో ఎట్లా ఉంటుందో తెలియదు గాని, తెలుగులో ఆ మాట చాలా చిన్నది. బయట రోగులు తలుపు తట్టారు. "సారూ, లోపల ఏమన్న ఆపరేషన్ నడుస్తున్నదా?" అని ఎవరో అరిచారు.

ఆమె కళ్ళు తుడుచుకొని కాగితం అందుకుంది. అక్షరాలు చదవలేకపోయినా పైనుంచి కిందికి చూసింది. మళ్ళీ డాక్టరు చేతిలో పెట్టింది.

"మొదట్ల గృహిణి అని చదివిండ్రు. అదొక్కటి మార్చుండ్రి."

"ఇంట్లనే ఉంటున్నవు కదనే ఇప్పుడు?"

"ఉంటున్న. అయితె ఏంది? నేను కుప్పడం నేస్త. గట్ల రాయుండ్రి. కోసెటాయన చదువుకోని, ఈమెకు కూసునే పని ఉన్నది అని తెలుసుకోవాలె."

డాక్టరు పెన్ను ఎత్తి, ఆ మాటను కొట్టేయబోయి ఆగాడు. కొట్టివేతలున్న కాగితం పెద్ద దవాఖానకు పంపడం బాగుండదు. ప్యాడ్ నుంచి ఇంకో కాగితం తీశాడు. తలుపు వైపు తిరిగి, "ఆగుండ్రి బయట, రాస్తున్న!" అని కేక వేసి, పై నుంచి మొత్తం మళ్ళీ రాయడం మొదలుపెట్టాడు.